సీజన్ మొదలుకాకముందే జింకల్ని మేమే తరిమేశాం: 96 ఎకరాల కేస్ స్టడీ

2021 సెప్టెంబర్ 18, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆర్చరీ సీజన్, అంటే విల్లుతో జింకల్ని వేటాడే కాలం, మొదటి రోజు. మధ్యాహ్నం మూడున్నరకే చెట్టెక్కి చీకటి పడేదాకా కూర్చున్నాను. జులై అంతా, జంతువు కదిలితే ఫోటో తీసే మా కెమెరాల్లో, ఐదు మగ జింకలు ఇంకా ఎండ ఉండగానే సోయా చేలోకి దిగి మేసేవి, రోజూ, అలవాటుగా. ఆ సాయంత్రం వాటిలో ఒక్కటీ రాలేదు. ఆరున్నర ప్రాంతంలో నా వెనక వాలులో ఒక ఆడ జింక ముందుకాలితో నేలను తన్ని, ముక్కుతో గట్టిగా చీదినట్టు ఊది, తెల్ల తోక పైకెత్తి పరుగెత్తింది. అది నన్ను చూడలేదు, నా వాసన పట్టింది, అంతే. ఆ తర్వాత వరుసగా నాలుగు వారాంతాలు అదే పరిస్థితి.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి మాకు ఒక చలికాలం పట్టింది. సరిచేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఇలాంటి చిన్న భూమి కొన్నవాళ్లూ, లీజుకి తీసుకున్నవాళ్లూ మన తెలుగువాళ్లలో ఇప్పుడు కొంతమంది కనిపిస్తున్నారు, దాదాపు అందరూ మొదటి ఏడాది మేం చేసిందే చేస్తున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు భూమి సంగతి. రిచ్‌లాండ్ కౌంటీలో 96 ఎకరాలు, నలుగురం కలిసి కొన్నాం, ఇద్దరం తెలుగువాళ్లం, ఇద్దరు ఇక్కడివాళ్లు. ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ అంటారు. మంచుయుగంలో హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన నేల కాబట్టి అంతా గట్లూ లోయలూ. మాకు ఉత్తరాన గట్టు మీద సుమారు 28 ఎకరాల చేను ఉంది, ఒక ముసలి రైతు కౌలుకి చేస్తాడు, ఒక ఏడాది మొక్కజొన్న, ఒక ఏడాది సోయా. అక్కడినుంచి దక్షిణానికి ఓక్ చెట్ల అడవి వాలుగా దిగి వాగు దగ్గర ఆగుతుంది. జింకలు పగలు పడుకునేది ఆ వాలులోనే, గట్టుకి కొంచెం కిందుగా, గాలి వీపుకి తగిలేలా, కళ్లు లోయవైపు పెట్టుకుని. పైనుంచి వచ్చేది ముక్కుకి తెలుస్తుంది, కిందనుంచి వచ్చేది కంటికి తెలుస్తుంది. అంత తెలివైన చోటు.

ఊళ్లో ఉన్నవాళ్లు ఇది చదివి ఆశ్చర్యపోవద్దు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం, అలాగే ఉండాలి కూడా. ఇక్కడ తెల్లతోక జింకలు ఎక్కువైపోయి పంటల్నీ, అడవిలో మొలిచే చిన్న మొక్కల్నీ తినేస్తుంటాయి కాబట్టి రాష్ట్రమే లైసెన్సులిచ్చి, కాలం పెట్టి వేట జరిపిస్తుంది. పైగా మా కౌంటీలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఎక్కువ. 2002లో ఈ రాష్ట్రంలో బయటపడింది, జింక మెదడుని తినేసే జబ్బు, మందు లేదు. అది ఒకదాన్నుంచి ఒకదానికి పాకకుండా మా దగ్గర జింకలకి మేత పోయడం నిషేధం. అంటే టెక్సస్‌లోలాగా మొక్కజొన్న గింజలు పోసి పిలిచే వీలు లేదు. పిలవలేం కాబట్టి, ఉన్నవాటిని తరమకుండా ఉండటమొక్కటే మా చేతుల్లో ఉంది. విల్లుతో వేటంటే జింక 20, 25 గజాల్లోకి వెలుతురు ఉండగా రావాలి. రాత్రి ఎన్ని ఫోటోలు పడినా ఉపయోగం లేదు.

ఆ చలికాలం నలుగురం కూర్చుని ఫోన్లలో మెసేజ్‌లు, ఫోటోల తేదీలు, లొకేషన్ హిస్టరీ అన్నీ తీశాం. జులై 15 నుంచి సీజన్ మొదటి రోజు దాకా ఎవరు ఎప్పుడు భూమిలో అడుగుపెట్టారో ఒక కాగితం మీద రాశాం. మొత్తం 31 సార్లు. అందులో నావే 14. నేనొక్కడినే వెళ్లిన ప్రతిసారీ నాకు మంచి కారణం ఉంది: కెమెరా కార్డు మార్చాలి, మంచె పక్కన కొమ్మ అడ్డం వస్తోంది కొట్టాలి, వాన తర్వాత దారి చూడాలి. మిగతావాళ్లకీ అంతే. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో నాలుగు కుటుంబాలూ పిల్లలతో వచ్చి కొట్టం దగ్గర వంటలు చేసుకున్నాం, పిల్లల్ని ఏటీవీ (అడవి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) మీద అడవి అంతా తిప్పాం. సెప్టెంబర్ మొదటివారంలో రెండు సాయంత్రాలు కొట్టం వెనకే రైఫిల్ గురి సరిచూసుకున్నాం, తుపాకీ వేట కాలం, అంటే గన్ సీజన్, ఎప్పుడో నవంబర్ 20న అయినా.

కెమెరా ఫోటోల్ని ఆ కాగితం పక్కన పెట్టి చూస్తే మాట్లాడుకోవడానికి ఏం మిగల్లేదు. ఆగస్టు మొదటి వారం దాకా మగ జింకల ఫోటోల్లో సగానికి పైగా పగటివి. నెలాఖరుకి అన్నీ రాత్రివే. లేబర్ డే తర్వాత గట్టు మీద కెమెరాల్లో మగవి ఆరు రోజులపాటు కనిపించనేలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఆ మార్పంతా మా వల్లే కాదు. ఎండాకాలం కలిసి తిరిగే మగ జింకలు సెప్టెంబర్ మొదట్లో కొమ్ముల మీది మెత్తటి పొర రాల్చేశాక ఒకదాన్నొకటి సహించవు, గుంపు విడిపోతుంది, కొన్ని అసలు వేరే దిక్కుకే పోతాయి. సోయా ఆకు పసుపు తిరిగాక దాని రుచి పోతుంది, అదే సమయంలో ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది, అడవిలోనే కడుపు నిండుతుంటే చేలోకి ఎందుకొస్తాయి? వీటికి మనం చేయగలిగింది లేదు. కానీ ఈ కారణాలన్నీ పనిచేస్తున్న సమయంలోనే మనం కూడా పోయి కదిలిస్తే ఉండాలా పోవాలా అని తేల్చుకోని జింక కూడా పోతుంది.

దక్షిణ కరోలినాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు మగ జింకలకి జీపీఎస్ కాలర్లు కట్టి చూశారు. ఒక మంచె మీద మనిషి కూర్చుని వెళ్లాక జింకలు ఆ దాపులకి మళ్లీ రావడానికి సుమారు మూడు రోజులు పట్టింది. అది సీజన్ నడుస్తున్నప్పటి లెక్క. మేం సీజన్‌కి ముందు రెండు నెలల్లో 31 సార్లు తొక్కాం, అంటే సగటున రెండు రోజులకోసారి.

2022 మార్చిలో పని మొదలుపెట్టాం. మొదటి నిర్ణయం పనిని నెలలు మార్చడం. మంచెలు కట్టడం, కొమ్మలు కొట్టడం, దారులు తీయడం అన్నీ మంచు కరిగిన మార్చి, ఏప్రిల్‌లోనే. అప్పుడు చెట్లకి ఆకు ఉండదు, పోయిన ఏడాది మగ జింకలు కొమ్ములు రాసిన చెట్లూ, కాళ్లతో గీరిన నేలా, నడిచిన బాటలూ అన్నీ అరచేతిలో గీతల్లా కనిపిస్తాయి. ఎంత బెదిరించినా సీజన్‌కి ఆరు నెలల టైం ఉంది, మర్చిపోతాయి. ఇంకో లాభం, మే, జూన్ నెలల్లో ఇక్కడ పిడుదులు విపరీతం, వాటితో లైమ్ జబ్బు వస్తుంది, ఆ గొడవ కూడా తప్పింది.

రెండోది గీత. ఆగస్టు 10 నుంచి ఎవరూ దాటకూడని గీత ఒకటి పెట్టుకుని చెట్లకి నీలిరంగు చుక్కలు వేశాం. గీతకి లోపల 30 ఎకరాలు, జింకలు పడుకునే వాలు మొత్తం. అందులో సీజన్‌లో కూడా మంచె లేదు. కొట్టిన జింక లోపలికి పోయి పడితే వెతకడానికి తప్ప ఎవరూ పోకూడదు.

దీని మీద పెద్ద గొడవే అయింది. మాలో చిన్నవాడు, గుంటూరు అబ్బాయి, "అన్నా, అప్పు చేసి కొన్న భూమి, మన భూమిలోకి మనమే పోకూడదా? పిల్లలు వేసవంతా దీనికోసమే అడుగుతారు" అన్నాడు. వాడి బాధలో న్యాయం ఉంది. భూమి కొన్నది ఒక్క వేట కోసమే కాదు. నేను వాడితో వాదించలేదు, ఆ కాగితం తెచ్చి లేబర్ డే తర్వాతి ఆరు ఖాళీ రోజులు చూపించాను. చాలాసేపు చూసి "సరే అన్నా, పిక్నిక్ జూన్‌కి మారుద్దాం. కానీ వాగు దగ్గర పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల వదలాలి" అన్నాడు. ఆగ్నేయ మూలలో రెండెకరాలు వదిలాం. అక్కడ పిల్లలు ఎప్పుడు అరిచినా, ఎంత అరిచినా అభ్యంతరం లేదు. తర్వాత గమనించింది ఏంటంటే, ఎప్పుడూ ఒకే చోట వినిపించే చప్పుడుకి జింకలు అంతగా బెదరవు. ఎప్పుడు, ఎటునుంచి వస్తుందో తెలియని మనిషికే భయపడతాయి.

కౌలు రైతు ఈ సంగతి మాకు మొదటి ఏడాదే చెప్పాడు, మేం చెవిన పెట్టలేదు. ఆయన ట్రాక్టర్ మీద పోతుంటే జింక తలెత్తి చూసి మళ్లీ మేతకి వంగుతుంది. ట్రాక్టర్ ఆపి దిగి పది అడుగులు నడిస్తే తోకెత్తి పోతుంది. అందుకే కెమెరాలన్నీ అడవి లోపలినుంచి తీసి చేను అంచుకి మార్చాం, నాలుగింటిలో రెండు సెల్ కెమెరాలు, ఫోటో ఫోన్‌కే వస్తుంది. మిగతా రెండింటి కార్డులు రైతు చేలోకి పోయే రోజు ఆయనతోపాటు ట్రాక్టర్ మీదే పోయి, దిగకుండా చేయి చాపి మార్చుకుంటాం. లిథియం బ్యాటరీలు వేస్తే సీజన్ దాకా ముట్టుకోనక్కర్లేదు. లోపల కెమెరా లేకపోతే ఏం జరుగుతోందో తెలియదే అని మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. నిజంగా తెలుసుకోవాల్సింది ఒక్కటే, అవి వెలుతురులో అంచుకి వస్తున్నాయా లేదా. అది అంచు కెమెరా చెబుతుంది.

ఇక దారి, గాలి. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. మాది అచ్చంపేట దగ్గర, నల్లమల అంచు పల్లె. అడవి పందుల కాపలాకి మా తాత మంచె మీద పడుకునేవాడు. గాలి అడవివైపు తిరిగిన రాత్రి "ఈ పొద్దు పంది రాదు, పడుకో" అనేవాడు. ఇక్కడ మంచెకి ట్రీ స్టాండ్ అని పేరు, పని మాత్రం తలకిందులు. తాతకి రాకపోవడం కావాలి, మాకు రావడం కావాలి. గాలి లెక్క ఒకటే.

మిల్క్‌వీడ్ అని ఇక్కడ రోడ్ల పక్కన పెరిగే మొక్క ఉంది, మన జిల్లేడుకి దగ్గరి చుట్టం. కాయ పగిలితే అదే తెల్లటి పట్టులాంటి దూది, ప్రతి పోచ కింద ఒక గోధుమరంగు గింజ. గింజ గిల్లేసి ఒక పోచని వేళ్లమధ్యనుంచి వదిలితే గాలి ఎటు పోతోందో 50, 60 గజాల దాకా కంటితో చూడొచ్చు. మార్చిలో ఒక మధ్యాహ్నం వాయవ్యం గాలి ఉండగా, మేం ఎప్పుడూ కారు ఆపే కొట్టం దగ్గర నిలబడి ఒక పోచ వదిలాను. చేను మీదుగా తేలుతూ పోయింది, గట్టు అంచు దాటింది, అక్కడ కొంచెం తడబడి, మెల్లగా వాలులోకి దిగింది, జింకలు పడుకునే చోటికి, సూటిగా. ఇంకోటి వదిలాను, అదే దారి. పోయిన ఏడాది కారు తలుపు వేసిన ప్రతిసారీ మేం వచ్చామని వాటికి కబురు అందిందన్నమాట, అప్పటికి మేం అడవిలో అడుగైనా పెట్టలేదు.

అప్పటినుంచి రెండు దారులు పెట్టుకున్నాం. దక్షిణం గాలి ఉన్నరోజు పైనుంచి, చేను తూర్పు అంచున. అక్కడ ఆరు వరుసల జొన్న వేయించాం, మనిషి ఎత్తు పెరిగి తడికలా నిలుస్తుంది, దాని వెనకనుంచి నడిస్తే చేలో ఉన్నవాటికి కనపడం. ఉత్తరం గాలి రోజు కిందనుంచి, వాగులో నీళ్లలోనే నడిచి. వాగు ఒడ్లు నడుము ఎత్తు ఉంటాయి, నీటి చప్పుడు అడుగుల చప్పుడుని మింగేస్తుంది. సాయంత్రం ఎండ వాలు మీదనుంచి తప్పుకోగానే చల్లబడిన గాలి నీళ్లలా కిందికి జారుతుంది, అప్పుడు వదిలిన పోచ మంచె నుంచి నేలకి దిగి వాగు వెంబడే పోయింది, ఆ దారి సరైనదని అలా తేల్చుకున్నాం. పొద్దున పూట మాత్రం ఎండకి గాలి పైకి లేస్తుంది కాబట్టి వాగు మంచెలు పొద్దున వాడం. పడమటి గాలి రోజు ఇంట్లోనే. ఇది పాటించడం కష్టం, వారమంతా ఎదురుచూసిన శనివారం గాలి తప్పుగా ఉంటే మనసు ఒప్పుకోదు. అయినా పాటించాం. వాసన చంపే స్ప్రేలు, సబ్బులు కూడా కొన్నాం మొదటి ఏడాది. వాటి మీద నాకు నమ్మకం లేదు.

విల్లు ప్రాక్టీసు, రైఫిల్ గురి పూర్తిగా ఊళ్లోని షూటింగ్ రేంజ్‌కి మారాయి. ఇది తేలికే.

పక్కవాళ్లతోనే కాస్త మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఒక కుటుంబం మా పాత యజమాని కాలంనుంచీ అడవిలో జిన్‌సెంగ్ అనే మందుమొక్క వేర్లు తవ్వుకునేది. రాష్ట్రంలో దాని కాలం సెప్టెంబర్ 1 నుంచి నవంబర్ 1 దాకా, ముందుకి జరపడానికి లేదు. వద్దు అనడానికి నోరు రాలేదు, వాళ్లు మాకంటే ముందునుంచీ ఉన్నవాళ్లు. నేనూ మాలో ఒకతనూ వాళ్లింటికి వెళ్లి కూర్చుని మ్యాప్ చూపించి అడిగాం. తూర్పు లోయలో మాత్రమే, ముందే చెప్పిన రెండు రోజుల్లో, మధ్యాహ్నం పూట తవ్వుకుంటామన్నారు. పెద్దాయన తనంతట తనే, "మీ నీలి చుక్కలు చూశాను, లోపలికి పోను" అన్నాడు. ఉడతల సీజన్ కూడా దాదాపు ఆర్చరీ మొదలయ్యే రోజే మొదలవుతుంది. ఏటా కుక్కతో వచ్చే ఇంకో పొరుగువాణ్ని ఇదే అడిగితే ఒప్పుకోలేదు. ఒకసారి మాటిచ్చి ఉన్నాం కాబట్టి 2022లో రానిచ్చి, మరుసటి ఏడాదినుంచి జనవరిలో రమ్మన్నాం.

2022 ఆగస్టు 10 నుంచి సెప్టెంబర్ 17 దాకా గీత బయట, చేనువైపు మేం నడిచింది నాలుగు సార్లు. గీత లోపలికి ఒక్కసారి. ఆ ఒక్కటి చెప్పాలి. లోపల మర్చిపోయిన పాత కెమెరా ఒకటుందని మాలో ఒకతను ఆగస్టు చివర మధ్యాహ్నం పూట పోయి తెచ్చాడు, ఐదు నిమిషాల పని అనుకున్నాడు. ఆ సాయంత్రంనుంచి ఎనిమిది రోజులు దగ్గర్లోని అంచు కెమెరాలో పెద్ద మగది కనపడలేదు. దానివల్లే అని నిరూపించలేను. మళ్లీ ఎవరూ పోలేదు.

ఆ ఏడాది మొదటి సాయంత్రమే చేనులోకి వెలుతురు ఉండగా తొమ్మిది జింకలు వచ్చాయి, రెండు చిన్న మగవి, మిగతావి ఆడవి, పిల్లలు. నేను ఒక ఆడ జింకని కొట్టాను, ఈ కౌంటీలో ఆడవాటిని తగ్గించడమే అసలు అవసరం. దాని తలని ఆ జబ్బు పరీక్షకి ఇచ్చి, జబ్బు లేదని ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్ లోంచి తీయలేదు. ఇది ఎవరికైనా చెప్పే మాట, ఈ ప్రాంతంలో పరీక్ష లేకుండా కూర వండొద్దు. అక్టోబర్ చివర ఉత్తరం గాలిలో వాగు మంచెకి పెద్ద మగది 18 గజాల్లోకి వచ్చింది, నేను కాదు, గుంటూరు తమ్ముడు కూర్చున్నాడు ఆ రోజు.

2023లో ఓక్ కాయలు బాగా కాశాయి, సెప్టెంబర్‌లో చేను ఖాళీ. కెమెరాలు చూస్తే మళ్లీ 2021లాగే అనిపించింది. లోపలికి పోయి చూడాలని నలుగురికీ చేతులు పీకాయి. పోలేదు. అక్టోబర్ రెండో వారానికి వాలు కింద ఓక్ చెట్ల దగ్గర వాగు మంచెకి రావడం మొదలుపెట్టాయి, అంటే అవి ఎక్కడికీ పోలేదు, గీత లోపలే కాయలు తింటున్నాయి.

ఒక్క భూమి, మూడు సీజన్లు, దీన్ని ప్రయోగం అనలేను. మగ జింక తిరిగే మేర 96 ఎకరాల కంటే చాలా పెద్దది, గట్టు అవతల ఎవరేం చేస్తున్నారో మాకు సంబంధం లేకుండానే సగం జరిగిపోతుంది. కానీ 2023 నవంబర్ 18, గన్ సీజన్ మొదటి పొద్దున చూసింది మర్చిపోలేను. తెల్లారుతూనే చుట్టూ లోయల్లో తుపాకులు మోగడం మొదలైంది. నేను చేను తూర్పు అంచున ఉన్నాను. ఏడున్నరకి పడమటి పొరుగు భూమి కంచె దూకి మూడు ఆడ జింకలు వచ్చాయి, కాసేపటికి ఇంకో రెండు, వాటి వెనక ఒక మగది నోరు తెరిచి రొప్పుతూ. అన్నీ పరుగెత్తుకుంటూ వచ్చి నీలి చుక్కల చెట్ల దగ్గరికి రాగానే నడకలోకి దిగి లోపలికి పోయాయి. నేను కొట్టలేదు, దూరం ఎక్కువ. తొమ్మిదింటికి మెసేజ్ పెడితే నలుగురం ఒకే మాట అనుకున్నాం, ఇవాళ లోపలివాటి జోలికి వద్దు.

వచ్చే మార్చికి ఒక పని మిగిలి ఉంది. వాగు వెంబడి యాష్ చెట్లు పచ్చ పురుగు పట్టి చచ్చిపోయాయి, రెండు దారికి అడ్డంగా పడ్డాయి, మూడోది వాగు మంచె మీదికే ఒరుగుతోంది. మంచు పోగానే రంపంతో పోయి ఆ మూడూ కోసి, మంచెని 40 గజాలు కిందికి మార్చాలి. కొత్త చోటులో సాయంత్రం గాలి ఎటు జారుతుందో చూడటానికి ఒక డబ్బా నిండా మిల్క్‌వీడ్ కాయలు ఎండబెట్టి పెట్టాను.